ఖాళీ డబ్బా చూసి మురిసిన మా మాణెమ్మ

మా చెల్లెలు డాక్టర్ మాణెమ్మ ఇక లేదు. ఈ వాక్యం రాయడానికి నా చెయ్యి ఒప్పుకోవడం లేదు. నాకు ఎనభై ఒకటి, ఆమెకు డెబ్బై నాలుగు. ఏ లెక్కన చూసినా ముందు వెళ్లవలసినదాన్ని నేను, నా గురించి నాలుగు మాటలు రాయవలసినది ఆమె. రెండు వారాల కిందట మంగళవారం ఉదయం, జహీరాబాద్‌లో మా ఇంటి ముందుగదిలో నడిచే ఆమె దవాఖానలో, మొదటి పేషెంటును పిలవమని నాతో చెప్పి కుర్చీలో కూర్చుంది. నేను వరండాలోకి వెళ్లి ఆ అమ్మాయిని లోపలికి తీసుకొచ్చేసరికి మాణెమ్మ తల పక్కకు వాలి ఉంది. గుండె ఆగిపోయిందని తర్వాత వచ్చిన డాక్టరు చెప్పాడు. స్టెతస్కోపు ఇంకా మెడలోనే ఉంది.

ఆ సాయంత్రానికే బజారులో ఫ్లెక్సీలు వెలిశాయి. అభిమానంతో పెట్టినవాళ్లకు నమస్కారం. కాని వాటిలో రెండు తప్పులున్నాయి, వాటిని దిద్దకుండా ముందుకు పోలేను. ఆమె హైదరాబాద్‌లో పుట్టలేదు, అక్కడ చదివింది. పుట్టింది రాయికోడ్ దగ్గర మా ఊళ్లో, జొన్నచేల మధ్య ఉన్న మా రెండు గదుల ఇంట్లో. ఇక ఆమె లక్ష కాన్పులు చేసిందని రాశారు. నేను లెక్కల టీచరుగా రిటైరైనదాన్ని. అన్ని కాన్పులు చేయడానికి ఒక జన్మ చాలదు. ఎక్కువ చేసి చెప్పవలసిన అవసరం ఆమెకు లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్తేనే ఆమె పెద్దది.

మూడో తప్పు గోడ మీది రాత కాదు, మనిషి నోటి మాట. మాకు వరుసకు తమ్ముడయ్యే ఒకాయన మా వాకిట్లోనే, మా ఇంటి చాయ తాగుతూ, పక్కాయనతో అన్నాడు: "ఊరందరికి తిండి సుద్దులు చెప్పింది గని, తన నోరు మాత్రం కట్టుకోలేకపాయె. గంత లావు మనిషి! జర తక్కువ తింటే ఇంకో పదేండ్లు ఉంటుండె."

ఆ మాటకు జవాబు ఇప్పుడు రాస్తున్నాను. మాణెమ్మ లావుగా ఉండేది, నిజమే. ఎక్కువ తినేది కాదు, అదీ నిజమే. నా భర్త పోయాక నేను ఆమె దగ్గరికి వచ్చేశాను. ఆమె పెళ్లి చేసుకోలేదు. అప్పటి నుంచి ఆ ఇంట్లో వండింది నేను, వడ్డించింది నేను. పొద్దున ఒక జొన్నరొట్టె, కూర. మధ్యాహ్నం చారెడు అన్నం, పప్పు, మజ్జిగ. సాయంత్రం ఒక జామకాయ. రాత్రి అంబలి. ఇంతకు మించి తింటే కడుపు ఊరుకునేది కాదు. నెయ్యి పడదు, మినుములు పడవు, ఒక పూట ఆలస్యమైతే మంట. నేను ఆమె కంటే రెండింతలు తింటాను. అయినా నా చేతి గాజులు మోచేతి దాకా జారతాయి.

పెళ్లిళ్లకు పోతే తమాషా జరిగేది. వడ్డించేవాళ్లు ఆమె విస్తరిలో అడగకుండానే రెండు లడ్డూలు వేసి, నా ముందు నుంచి దాటిపోయేవాళ్లు. మాణెమ్మ ఆ రెండూ తీసి నా విస్తరిలో పెట్టేది. "తిను అక్కా, బద్నాం నాకెట్లన్న తప్పదు. లడ్డూ అన్న నీకు దక్కనీ" అనేది. ఎదుటివాళ్లు నవ్వితే ఆమె కూడా నవ్వేది. ఆ నవ్వు తెచ్చిపెట్టుకున్నది కాదు. అది ఆమె సంపాదించుకున్నది. ఎట్లా సంపాదించుకుందో చెప్తాను.

వైద్యం చదువుతున్నప్పుడు ఒక సెలవుల్లో ఇంటికి వచ్చింది. అప్పటికి అమ్మ లేదు. హాస్టల్లో మెస్సు వంటలు మానేసి, కొన్నాళ్లు గంజి తాగి కూడా ఆమె సన్నబడలేదు. తోటివాళ్లు ఎగతాళి చేసేవాళ్లు. రొట్టెలు చేస్తున్న నా పక్కన పీట వేసుకొని కూర్చుంది.

"అక్కా, అమ్మ నన్ను మోసినప్పుడు ఏం తిన్నది?"

ఆ ప్రశ్నకు జవాబు తెలిసిన మనిషి లోకంలో నేనొక్కదాన్నే. నాకప్పుడు ఏడేళ్లు. ఆ ఏడు వానలు మొండికేశాయి. జొన్న కంకి కట్టకముందే ఎండిపోయింది. ఇంట్లో గుమ్మి, అంటే గింజలు పోసుకునే పెద్ద గాదె, అడుగు తేలింది. దానికి తోడు మా నాయనమ్మ మాట ఒకటి: చూలాలు తక్కువ తింటే బిడ్డ చిన్నగ ఉంటది, కాన్పు సుళువైతది. మా ప్రాంతంలో ఇది చాలా ఇళ్లలో ఉన్న పద్ధతే. అమ్మ రొట్టె నాకు పెట్టి, జొన్నగట్క వండిన కుండ కడిగిన నీళ్లలో ఉప్పు వేసుకొని తాగేది. చెల్లెలు పుట్టినప్పుడు మంత్రసాని ఒక్క చేత్తో పట్టుకొని చూపించింది. నేను కడుపున ఉన్న ఏడు మాత్రం గుమ్మి నిండా జొన్నలు, పెరట్లో పాడి. ఆ సంగతి అమ్మ నాకు చాలాసార్లు చెప్పింది.

అంతా విని మాణెమ్మ పొయ్యిలోకి ఇంకో పుల్ల తోసింది. "అయితే తప్పు నాది కాదు" అంది. మళ్లీ, "అమ్మది అసలే కాదు" అంది.

ఆ రెండో మాటను ఆమె చివరిదాకా వదలలేదు. కోడలికి పుట్టిన పిల్ల లావెక్కిందనో, పిల్లకు తిన్నది అరగడం లేదనో వచ్చి, "ఇది కడుపుతోని ఉన్నప్పుడు సరిగ తినలేదమ్మా, అందుకే" అని ఎవరైనా మొగుడో అత్తో మొదలుపెడితే మండిపడేది. "ఆడదాన్ని తిట్టనీకి ఇంకో సాకు దొరికిందని సంబరపడకున్రి. ఆమె తినలేదా, మీరు పెట్టలేదా? ముందుగాల అది చెప్పున్రి."

ఆమె ఈ విషయాన్ని ఎట్లా చెప్పేదో అట్లాగే రాస్తున్నాను, ఎందుకంటే నేను అంతకంటే బాగా చెప్పలేను. "కడుపుల ఉన్న పిల్లకు కండ్లు లేవు. అమ్మ తినేదాన్ని బట్టే బయట లోకం ఎట్లుందో అనుకుంటది. కూడు తక్కువొస్తే బయట కరువున్నదనుకుంటది. ఒళ్లంతా కరువుకు తయారైతది, దొరికింది దొరికినట్టు దాచుకునుడు నేర్చుకుంటది. తీరా బయటికొచ్చి చూస్తే కరువు లేదు. కడుపునిండ అన్నం, బజార్ల మిర్చీలు, చక్కెర చాయలు. కాని ఒళ్లు నేర్చుకున్నది మర్చిపోదు. దాచుకుంటనే ఉంటది." అరుగుదల సంగతి అడిగితే ఇంకోటి చెప్పేది. "లోపల తిండి తక్కువైనప్పుడు ఆ పిల్ల ఉన్నదాన్ని ముందుగాల మెదడుకు పంపుకుంటది. కాలేయానికి, పేగులకు మిగిలిందే. ఆ తక్కువ సామానుతోనే బతుకంతా సంసారం నడపాలె."

లావుకు ఇదొక్కటే కారణమని ఆమె ఎన్నడూ అనలేదు. తిండి ఉంది, నడక ఉంది, వంశం ఉంది, మనసు ఉంది. "కాని లెక్క మొదటి వరుస నుంచి వెయ్యాలె గద అక్కా. మనోళ్లు పుట్టినకాడి నుంచి వేస్తున్నరు, పుట్టకముందు తొమ్మిది నెలలు వదిలేస్తున్నరు" అనేది. ఆ మాట లెక్కల టీచరు చెల్లెలు అనదగ్గ మాట. నాకిప్పటికీ గర్వమే.

అందుకే ఆమె దవాఖానలో ఒక పద్ధతి పెట్టింది. గర్భిణి ఎవరు వచ్చినా పొద్దున ఇంట్లో వండుకున్న తిండి డబ్బాలో తెచ్చుకోవాలి. నాడి పట్టకముందు డబ్బా చూడాలి. "మూత తియ్యి బిడ్డా" అన్నదే ఆమె మొదటి మాట. కోహీర్ నుంచి మొగుడంపల్లి దాకా పల్లెల్లో ఆమెను డబ్బా డాక్టరమ్మ అనేవాళ్లు.

మొదట్లో డబ్బా చూపిస్తే చాలు, అక్కడే తినాలన్న నియమం లేదు. ఒకరోజు రాయికోడ్ బస్సు దిగి నలుగురు వచ్చారు. మొదటి అమ్మాయి డబ్బాలో రెండు రొట్టెలు, బెండకాయ కూర, ఉడికిన గుడ్డు. మాణెమ్మ మెచ్చుకుంది. రెండో అమ్మాయి డబ్బాలోనూ రెండు రొట్టెలు, బెండకాయ కూర, గుడ్డు. మూడో అమ్మాయి మూత తీసేసరికి మాణెమ్మ కళ్లజోడు సర్దుకుంది.

"ఈ బెండకాయలకు నేనంటే బగ్గ ఇష్టం ఉన్నట్టున్నది. పొద్దటి సంది మూడోసారి కలవనీకొచ్చినయ్" అంది.

ఆ పిల్ల మూతి బిగించుకుంది గాని, బయట వరుసలో నాలుగో అమ్మాయి పగలబడి నవ్వింది. డబ్బా ఒక్కటే, నలుగురిది. బస్సులో మాట్లాడుకొని, ఇంట్లో తిండి ఉన్న పిల్ల డబ్బానే చేతులు మార్చుకుంటున్నారు. మాణెమ్మ కోపగించుకోలేదు. నలుగురినీ కూర్చోబెట్టి ఆ ఒక్క డబ్బా మధ్యలో పెట్టించింది. నన్ను పిలిచి ఇంకో ఎనిమిది రొట్టెలు చేయమంది. ఆ రోజు నుంచి నియమం మారింది. నిండు డబ్బా చూపిస్తే చాలదు. వరండాలోనే తిని ఖాళీ డబ్బా చూపించాలి. అడుగు కనిపించిన డబ్బాను చూసి ఆమె మురిసినట్టు నేను ఏ పండుగ పూటా మురవడం చూడలేదు.

తర్వాతి రోజుల్లో ఇంకో రకం తిప్పలు మొదలయ్యాయి. ఫ్యాక్టరీలో పనిచేసే ఒక ఇంజనీరుగారి భార్య, కోస్తా నుంచి వచ్చిన అమ్మాయి, మూడంతస్తుల క్యారియరు పట్టుకొచ్చింది. అడుగు గిన్నె నిండా సున్నుండలు. "మా అత్తయ్యగారు ఇద్దరి కోసం తినాలంటున్నారండీ" అంది. అప్పటికే రక్తంలో చక్కెర పెరిగి ఉంది. మాణెమ్మ ఆ గిన్నెను పక్కకు జరిపింది. "ఇద్దరి కోసం తినుడంటే ఇద్దరంత తినుడు కాదమ్మా. లోపలున్న పిల్ల రోజూ పెండ్లి భోజనమే అని నేర్చుకుంటే, రేపు పప్పన్నం చూసి అలగదా? కరువూ నేర్పొద్దు, పెండ్లీ నేర్పొద్దు. ఇల్లు నేర్పాలె." ఆ అమ్మాయి ఆ సున్నుండలు నాకిచ్చి వెళ్లింది. నాలుగు రోజులు తిన్నాను.

ఇప్పుడు చంద్రమ్మ సంగతి. ఈ వ్యాసానికి కారణం నాకు తమ్ముడయ్యే ఆయన మాటే అయినా, ఆ మాట మొదటిసారి మా దవాఖానలో అన్నది చంద్రమ్మ. మొగుడంపల్లి వైపు ఒక పల్లె నుంచి కోడలు లలితను తీసుకొని వచ్చింది. లలిత కొంచెం బొద్దుగా ఉండేది, ఐదో నెల. డబ్బాలో ఒకే ఒక రొట్టె, పచ్చిమిరప కారం. మాణెమ్మ అడిగింది, "ఇంతేనా?"

"ఒక్కపూటనే పెడ్తున్న" అంది చంద్రమ్మ దాచకుండా. "ఇప్పటికే లావున్నది. బిడ్డ గూడ లావైతే ఎట్ల బయటికొస్తది?"

మాణెమ్మ పప్పు, ఆకుకూర, గుడ్డు అని చెప్పడం మొదలుపెట్టింది. చంద్రమ్మ మధ్యలోనే ఆపింది. "ఏమనుకోకు డాక్టరమ్మా. నీ ఒళ్లే నువ్వు చూసుకోలే, నా కోడలుకు తిండి చెప్తున్నవ్. నువ్వు చెప్పినట్టు తింటే ఇది నీ అసొంటిదే అయితది."

వరండాలో నమలడం ఆగిపోయింది. అక్కడున్న ఆడవాళ్లందరూ ఏదో ఒకరోజు అనుకున్న మాటే అది. ఆ రోజు వాళ్లు చంద్రమ్మ వైపు మొగ్గితే, మాణెమ్మ చెప్పే మాటకు ఆ పల్లెల్లో విలువ ఉండదు. నేను మజ్జిగ గిన్నె పట్టుకొని గుమ్మంలో నిలబడి ఉన్నాను.

"అక్కా, జర ఇటు రా. నా పక్కకు నిలబడు" అంది మాణెమ్మ.

నిలబడ్డాను.

"ఎట్లున్నం చంద్రమ్మా మేమిద్దరం?"

చంద్రమ్మ పైకీ కిందికీ చూసింది. "కట్టె పక్కన గుమ్మి పెట్టినట్టున్నరు."

వరండా అంతా ఒక్కసారి నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది మాణెమ్మే. "ఒకటే అమ్మ, ఒకటే నాయిన, ఒకటే పొయ్యి. మా ఇద్దర్ల ఎవలు ఎక్కువ తింటరు?"

"గది గూడ అడుగుతరా?"

"అడుగుతున్న గద. చెప్పు అక్కా, రాత్రి ఎవలెంత తిన్నం?"

"నేను మూడు రొట్టెలు తిన్న. ఇది ఒక గిలాస అంబలి తాగింది" అన్నాను. లెక్క అడిగితే తప్పు చెప్పడం నాకు చేతకాదు.

అప్పుడు మాణెమ్మ మా అమ్మ గుమ్మి సంగతి, కరువు సంగతి, గట్క నీళ్ల సంగతి అందరికీ వినబడేట్టు చెప్పింది. "నువ్వు నీ కోడలుకు పెట్టకపోతే ఆమె కడుపుల ఉన్న నీ మనుమరాలు నా అసొంటిదే అయితది చంద్రమ్మా. పెడితే కాదు" అంది.

చంద్రమ్మ తల వంచుకుంది. కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ చెప్పింది. "నా బిడ్డ తొలిచూలుకు పోయింది డాక్టరమ్మా. లోపలి బిడ్డ పెద్దగైంది, బయటికి రాలే. బండ్ల తెస్తుంటే తొవ్వలనే పాయె. అందుకనే."

మాణెమ్మ లేచి వెళ్లి బల్ల మీద ఆమె పక్కన కూర్చుంది. ఆ బల్ల కిర్రుమంది, ఎవరూ నవ్వలేదు. "కాన్పు కష్టం నా మీద వదిలెయ్. దానికి నేనున్న, పెద్ద దవాఖాన ఉన్నది, బిడ్డ అడ్డమైతే కోసి తీసే చదువున్నది. ఆకలి కష్టం మాత్రం నా చేతుల లేదు, నీ చేతుల ఉన్నది. ఇప్పుడు తప్పిపోతే పుట్టినంక నేను మళ్ల పెట్టలేను."

చంద్రమ్మ నా చేతిలోని మజ్జిగ తీసుకొని కోడలి ముందు పెట్టింది.

నెలలు నిండాక మాణెమ్మ లలితను పల్లెలో ఉంచలేదు. మా ఇంటికే రప్పించింది. చంద్రమ్మ కూడా వచ్చి, నా రొట్టెలు మందమని రోజూ పేచీ పెట్టేది. ఒక మధ్యాహ్నం కాన్పు అయింది. కోత అవసరం పడలేదు. మాణెమ్మ మాట ఇచ్చినట్టే మొదటి నొప్పి నుంచి చివరిదాకా పక్కనుంచి కదలలేదు. ఆడపిల్ల. చంద్రమ్మ చేతుల్లోకి తీసుకొని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "మంచిగున్నది. కట్టె లెక్క లేదు, గుమ్మి లెక్క లేదు" అని మా ఇద్దరి వైపు చూసింది. స్వప్న అని పేరు పెట్టుకున్నారు.

ఆ రోజు నుంచి ఎవరు మాణెమ్మ లావు గురించి మూతి తిప్పినా లోపలి నుంచి నాకు పిలుపు వచ్చేది. నేను వెళ్లి పక్కన నిలబడేదాన్ని. ఒకసారి నాకు విసుగొచ్చి, "మనిద్దరం ఏం రుజువే? ఇద్దర్ని చూసి లోకం సంగతి చెప్పరాదు" అన్నాను. ఆమె నవ్వింది. "రుజువు కాదక్కా. రుజువులు పుస్తకాలల్ల ఉన్నయ్. మనం బొమ్మ. నువ్వు బోర్డు మీద బొమ్మ గీసి లెక్క చెప్తవు గద, గట్ల."

పదో రోజు కర్మకు జనం బాగా వచ్చారు. వంటలు అవుతుండగా చంద్రమ్మ వచ్చింది, మనుమరాలి భుజం పట్టుకొని. బాగా ముసలిదైంది. స్వప్నకు ఇప్పుడు ఆరో నెల. చేతిలో డబ్బా.

"డాక్టరమ్మ లేదని ఎరుకే టీచరమ్మా" అంది స్వప్న మొహమాటంగా. "మా నాయనమ్మ ఊకోలే. డబ్బా చూపియ్యకుంట ఈ గడప దాటొద్దన్నది."

మూసి ఉన్న దవాఖాన తలుపు ముందు, ఆ పాత బల్ల మీద కూర్చొని స్వప్న మూత తీసింది. జొన్నరొట్టెలు, పుంటికూర పప్పు, గుడ్డు, కోహీర్ జామకాయ ముక్కలు. తినడం మొదలుపెట్టింది. నాకు తమ్ముడయ్యే ఆయన పక్కనే ఉన్నాడు. ఆయనకు పాత మాట మళ్లీ గుర్తొచ్చింది. "గిదే తిండి ఆమె గూడ జర చూసుకొని తినుంటే..." అన్నాడు.

చంద్రమ్మ ఆయన వైపు తిరిగింది. "మా డాక్టరమ్మ తిండెక్కువై లావు గాలే బిడ్డా. వాళ్లమ్మకు తిండి లేక లావైంది."

నేను ఇన్ని పేజీల్లో చెప్పింది ఆమె రెండు వాక్యాల్లో చెప్పింది. ఒకనాడు వరండా నిండా జనం ముందు మాణెమ్మను ఆక్షేపించిన మనిషే ఆ మాట చెప్పింది. నా చెల్లెలి చదువుకు, ఆమె నవ్వుకు, ఆమె జీవితానికి ఇంతకంటే పెద్ద సన్మానం ఏ సభలోనూ జరగదు. ఆ క్షణంలో నాకు దుఃఖం కంటే గర్వమే ఎక్కువ కలిగింది.

"టీచరమ్మా, జర లేచి నిలబడు. ఈయనకు చూపిస్త" అంది చంద్రమ్మ అదే ఊపులో.

లేచాను. ఇన్నేళ్ల అలవాటు. ఎడమ పక్కన ఆమెకు చోటు వదిలి నిలబడ్డాను. చంద్రమ్మ నన్ను చూసింది, నా పక్కన ఖాళీని చూసింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మేమిద్దరం ఉంటేనే ఆ బొమ్మకు అర్థం. నేనొక్కదాన్ని నిలబడితే సన్నటి ముసలమ్మను, అంతే. బోర్డు మీద సగం చెరిగిపోయింది, దాన్ని మళ్లీ గీయగల చెయ్యి ఈ ప్రాంతంలో లేదు.

స్వప్న తినడం ముగించి డబ్బా నా ముందుకు చాపింది. వంగి చూశాను. అడుగు తళతళ మెరుస్తోంది, ఒక్క తునక లేదు.

ఖాళీగానే ఉంది, మాణీ.